ఒంటరిగా ఐరోపాకు: సంకల్పమును, సన్నాహమును

ఉప్పల్, నాచారము ప్రాంతముల యువజనులలో ఇటీవల ఒక నూతనాభిలాష బయలుదేఱినది. వెనుకటి తరమువారు ఉద్యోగము దొరకినంతనే బోడుప్పల్‌లోనో ఘట్‌కేసర్‌లోనో ఒక ఇంటిస్థలమునకు వాయిదాలు కట్ట నారంభించెడివారు. నేడు పారిశ్రామికవాడల ప్రయోగశాలలందును, కంప్యూటరు కార్యాలయములందును పనిచేయుచున్న మన పూర్వవిద్యార్థులు కొందఱు, మొదటి మూడు నాలుగేండ్లలో మిగిల్చిన సొమ్ముతో ఐరోపాఖండమును చుట్టివచ్చెదమని చెప్పుచున్నారు. ఒక దేశముతో వారికి తృప్తి లేదు. పదియో పండ్రెండో దేశములు చూడవలెనట. యాత్రాసంఘముల వెంట వెళ్లుటకును వారికి సమ్మతి లేదు, తామొక్కరే వెళ్లవలెనట.

ఈ అభిలాషను గూర్చి తల్లిదండ్రులలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. ఇది వట్టి దుబారా యని కొందఱందురు. చిన్నవాండ్ర సరదా, అడ్డుపడనేల యని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును నాకు సమ్మతములు కావు. సంకల్పము మంచిదే. కాని యది యాత్ర యగునో, ఊరక పరుగగునో, ఇల్లు కదలకమునుపు చేసికొనిన సన్నాహమును బట్టి తేలును. తాను వ్రాసికొనిన పట్టికలోనుండి దేశములను కొట్టివేయ నేర్చినవాడే ఒంటరిగా వెళ్లదగినవాడని నా నిశ్చితాభిప్రాయము. ఏల యట్లనుచున్నానో విన్నవించెదను.

తెలుగువారికి దూరప్రయాణములు క్రొత్తవి కావు. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే నెలలో కాశికి బయలుదేఱి, పదునైదు నెలలకు పైగా సంచరించి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. దారిలో మన హైదరాబాదును కూడ చూచిరి. వారి వెంట ఇంచుమించు నూఱుగురు పరివారముండిరి. మజిలీల సంగతులను, దారుల వసతులను వారు ఓపికతో వ్రాసియుంచిరి. ఆ గ్రంథము 1838లో అచ్చుపడెను. తెలుగున యాత్రాగ్రంథములను గూర్చి మాటలాడువారు నేటికిని ముందుగా దానినే పేర్కొందురు. తరువాత 1870వ దశకమున పోతం జానకమ్మ రాఘవయ్యగారు సముద్రము దాటి ఇంగ్లాండునకు వెళ్లి, తాము చూచినదానిని తెలుగున వ్రాసిరి. దాని ఆంగ్లరూపము 1876లో మదరాసున పుస్తకముగా వెలువడెను. స్త్రీలు గడప దాటుటయే వింతగా నెంచబడిన కాలమది యని మన బాలికలు జ్ఞాపకముంచుకొందురు గాక.

అదే 1876వ సంవత్సరమున నిజాము మంత్రియైన మొదటి సాలార్ జంగుగారు ఐరోపాకు వెళ్లిరి. రోము నగరమున వారు కొనిన పాలరాతి విగ్రహము నేటికిని మన నగరములోని సాలార్ జంగు ప్రదర్శనశాలలో నున్నది. బెంజోనీ యను శిల్పి చెక్కిన ముసుగు రిబ్కా విగ్రహమది. మన విద్యార్థులు దానిని చూచి, రాతిలో పలుచని వస్త్రమెట్లు కనబడుచున్నదని ఆశ్చర్యపడుదురు. కాని ఆ యాత్రలో జరిగిన మఱియొక సంగతి యంతగా ప్రచారములో లేదు. పారిస్ నగరమున బసచేసిన హోటలులో సాలార్ జంగుగారు జాఱిపడి కాలు విఱుగగొట్టుకొనిరి. వారు మంత్రి, వారి వెంట పరిచారకులుండిరి, వైద్యమునకు ధనముండెను. అట్టివారికిని మెట్లమీద కాలు జాఱినది. ఇక నాచారమునుండి ఒక సంచితో బయలుదేఱువాని సంగతి యేమి?

ఒంటరి యాత్రలోని విశేషమిదియే. వీరాస్వామిగారికి నూఱుగురు చేసిన పనులన్నియు ఒంటరి యాత్రికుడు తానొక్కడే చేసికొనవలయును. దారి చూపువాడును, లెక్క వ్రాయువాడును, సంచి కాచువాడును, జ్వరము వచ్చిననాడు నీళ్లిచ్చువాడును తానే. ఆ నూఱుగురి స్థానమున అతనికి తోడుండునది ఒక్కటే: ఇంటివద్ద నెమ్మదిగా కూర్చుండి వ్రాసికొనిన ప్రణాళిక. గోపురము కట్టబూని, ముందుగా వ్యయము లెక్కచూచుకొననివాని ఉపమానమును మన పాఠశాలలో చదివినవారందఱు ఎఱుగుదురు గదా.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు పాఠప్రణాళిక వ్రాయుట నేర్పిరి. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు నలువదియైదు నిమిషముల గంటలో అశోకునినుండి అక్బరువఱకు చెప్పవలెనని చూచును. పిల్లలకు ఒక్కటియు నిలువదు. అందుచేత ప్రణాళికలో ముందుగా వ్రాయవలసినది నేడు చెప్పక విడువవలసినదేదో యని మాకు బోధించిరి. యాత్రకును ఇదియే సూత్రము. దీనిని లెక్కలో పెట్టి చూతము.

ఒకడు 22 దినములలో 11 దేశములు చూడ సంకల్పించెననుకొనుడు. రాకపోకల విమానములకు రెండు దినములు పోయెను, మిగిలినవి 20. పదునొకండు దేశములనగా పది మార్లు ఊరు మాఱవలయును. ఊరు మాఱుటయనగా రైలులో కూర్చుండు కాలము మాత్రమే కాదు. సంచి సర్దుట, బస విడుచుట, స్టేషనుకు నడచుట, వేచియుండుట, ప్రయాణము, క్రొత్త ఊరిలో బస వెదకుట, తాళపుచెవి పుచ్చుకొనుట, ఇవన్నియు కలిసి తక్కువలో తక్కువ ఆరు గంటలు పట్టును. పది మార్లకు అఱువది గంటలు. మనుష్యుడు మేల్కొనియుండి తిరుగగల కాలము దినమునకు 14 గంటలని పెట్టుకొన్నను, నాలుగు దినములకు పైగా ఇట్లే వ్యయమగును. మిగిలినది పదునారు దినములకు తక్కువ. దానిని పదునొకండు దేశములకు పంచినచో దేశమొకటికి ఒకటిన్నర దినమైనను రాదు. ఒకటిన్నర దినములో ఒక దేశమును చూచితిననువాడు దాని రైల్వే స్టేషనును చూచినవాడు. వాని వద్ద ఛాయాచిత్రములుండును. చెప్పుటకు కథ యుండదు.

అవే 22 దినములలో నాలుగు దేశములైనచో ఊరు మాఱుట మూడే మార్లు, పదునెనిమిది గంటలు. దేశమునకు నాలుగున్నర దినములకు మించి దొరకును. ఒకే రొట్టెలదుకాణమునకు మూడవనాడు కూడ వెళ్లినచో దుకాణదారుడు గుర్తుపట్టి నవ్వును. ఒక వీథిని పగలు చూచి, రాత్రి చూచి, వానలో చూచుటకు వీలగును. దేశమును చూచుట యనగా నాకు తోచినంతవఱకు ఇదియే.

ఏ నాలుగు? ఇందులకు ప్రచార చిత్రములను విడిచి భూపటమును ముందు పెట్టుకొనవలయును. మన ఉప్పల్‌లోనే భారత సర్వే శాఖవారి శిక్షణాలయమున్నది. దేశము నలుమూలలనుండి భూమిని కొలుచు విద్యను, పటములు గీయు విద్యను అభ్యసింప అచ్చటికి వత్తురు. అట్టి ఊరి పిల్లలు పటము చదువక ప్రయాణము కట్టుట తగదు. ఐరోపా పటమున ప్రేగ్, వియన్నా, బ్రటిస్లావా, బుడాపెస్ట్ అను నాలుగు రాజధానులను గుర్తింపుడు. నాలుగును నాలుగు దేశములవి: చెక్ దేశము, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ. అవి వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ఇంచుమించు ఒకే బాటపై నున్నవి. ప్రేగ్‌నుండి వియన్నాకు రైలులో సుమారు నాలుగు గంటలు. అచ్చటినుండి బ్రటిస్లావాకు సుమారొక గంట. అచ్చటినుండి బుడాపెస్ట్‌కు రెండున్నర గంటల ప్రాంతము. చివరి మూడు నగరములును డాన్యూబు నది యొడ్డుననే యున్నవి. ప్రేగ్‌లో విమానము దిగి, బుడాపెస్ట్‌లో తిరుగు విమానమెక్కినచో వచ్చిన దారినే మరల పోవలసిన పనిలేదు. ఇంత దగ్గఱ నగరములకు విడివిడిగా ముందే కొన్న టిక్కెట్లు, అనేక దేశములకు చెల్లు రైలు పాసుకంటె తరచుగా చవుక. పాసు కొన్నను కొన్ని వేగపు బండ్లలో సీటునకు వేఱుగా రుసుము కట్టవలయునని మఱవరాదు.

ఇదే దారిని పోవలెనని నా మాట కాదు. ఒకనికి చిత్రకళ ఇష్టము, ఒకనికి పర్వతములు, ఒకనికి సంగీతము. ఇష్టమును బట్టి దారి మాఱును. దారి మాత్రము పటముపై పెన్సిలెత్తక గీయగల గీతగా నుండవలయును. పారిస్, ఏథెన్సు, స్టాక్‌హోము, లిస్బను అని నాలుగు మూలల నాలుగు పేర్లు వ్రాసినవాడు యాత్రకు బదులు విమానాశ్రయములను చూచి వచ్చును.

దారి కుదిరిన పిమ్మట చట్టమును తెలిసికొనవలయును. లక్సెంబర్గు దేశమున షెంగెన్ అను గ్రామమువద్ద 1985 జూను 14న అయిదు దేశములు ఒక ఒడంబడికపై వ్రాళ్లు చేసినవి. అది 1995లో అమలులోనికి వచ్చెను. నేడు 29 దేశములు ఆ కూటమిలో నున్నవి. వాటిలో ఒక దేశమిచ్చిన స్వల్పకాలపు వీసా సాధారణముగా తక్కిన అన్నింటను చెల్లును. కాని యిందులో కొన్ని మెలకువలు కలవు. ఇంగ్లాండును, ఐర్లండును ఈ కూటమిలో లేవు. వాటికి వేఱు అనుమతి వలయును. ఒక్క ప్రవేశమునకు మాత్రమే వీసా పొందినవాడు నడుమ లండను చూచి వత్తునని వెళ్లినచో తిరిగి లోనికి రాలేడు. ఏ 180 దినములను లెక్కించినను వాటిలో 90 దినములకు మించి యుండరాదు. దరఖాస్తు ఎక్కువ దినములుండబోవు దేశమునకు పెట్టవలయును. దినములు సమానమైనచో మొదట అడుగుపెట్టు దేశమునకు పెట్టవలయును. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. పదునైదు దినములకంటె దగ్గఱపడిన తరువాత చేయరాదు. రుసుము 2024 జూను నుండి 90 యూరోలు. వీసా నిరాకరింపబడినను ఆ సొమ్ము తిరిగి రాదు. పాస్‌పోర్టు తిరిగివచ్చు దినమునకు పిమ్మట మూడు నెలలైనను చెల్లునదిగా నుండవలయును. వైద్యవ్యయమునకు 30,000 యూరోలకు తక్కువకాని బీమా వలయును. సాలార్ జంగుగారి కాలు జ్ఞాపకమున్నవారు ఈ బీమాను దండుగ యనరు.

పచ్చళ్లు కట్టియిచ్చు తల్లులకు ఒక మనవి. ఐరోపా సమాఖ్య దేశములలోనికి వెలుపలినుండి మాంసపు పదార్థములను, పాల పదార్థములను యాత్రికులు తీసికొనిపోరాదు. కావున కోడిమాంసపు పచ్చడి, నెయ్యి, పాలకోవా సంచిలో పెట్టకుడు. ఎంత ప్రేమతో కట్టినను సరిహద్దున తీసి పాఱవేయుదురు.

మఱియొక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. బ్యాంకులో నిలువ చూపుటకై అప్పు తెచ్చిన సొమ్మును నాలుగు దినములు వేసి తీయువారు కలరు. లేని బసకు ఉన్నట్లు కాగితములు అమ్మువారును కలరు. పరీక్షలో చీటీ దాచినవానికిని వీరికిని భేదము లేదు. దొరకిన దరఖాస్తు త్రోసివేయబడుటయే కాక, ఆ మచ్చ మఱుసటి దరఖాస్తులను కూడ వెన్నాడును. ఉన్నంతలో యాత్ర కట్టుకొనుట గౌరవము.

ఇక ధనము. నా మతమున యాత్రకు మూడు పద్దులుండవలయును. మొదటిది యాత్రకు ముందే కట్టవలసినది: విమానము, వీసా, బీమా, బస. రెండవది దినవెచ్చము. ఇది దేశమును బట్టి మాఱును. నేను చెప్పిన నాలుగు దేశములలో ఆస్ట్రియా, స్లొవేకియాలలో యూరో, చెక్ దేశమున కొరునా, హంగరీలో ఫోరింటు చెల్లును గనుక లెక్క మూడు నాణెములలో చేయ నేర్వవలయును. మూడవది తాకరాని సొమ్ము. తిరిగివచ్చిన తరువాత మూడు నెలల సంసారవ్యయము బ్యాంకులో నుండవలయును. ఈ మూడవ పద్దు లేనివాడు ఇంకొక సంవత్సరము ఆగవలయును. అప్పుచేసి చూచిన ఊరు అందముగా నుండదు; తిరిగివచ్చిన తరువాత నెలనెలయు వాయిదా రూపమున అది మరల మరల కనబడుచుండును.

ఈ విషయములన్నియు ఊహలు కావు. మన పాఠశాలలో చదివి నేడు నాచారములో ఒక మందుల ప్రయోగశాలలో పనిచేయుచున్న ఒక యువతి పదునొకండు దేశముల పట్టికతో నా వద్దకు వచ్చెను. ఆమె తండ్రి ఉప్పల్ పారిశ్రామికవాడలో ఫిట్టరు పని చేసినవారు. ఆయనయు వెంట వచ్చిరి. కుమార్తె మాటలు ముగియకమునుపే ఆయన, "మొగపిల్లగాడైతే పంపేటోణ్ణి సార్, ఆడపిల్లను ఒక్కదాన్నే ఎట్ల పంపాలె?" అనిరి. నేను వెంటనే ఔననలేదు, కాదనలేదు. ఆమెను మూడు కాగితములు వ్రాసి తెమ్మంటిని. ఒకదానిలో ఏ రాత్రి ఎచ్చట నిద్రించునో వ్రాయవలెను. రెండవదానిలో పై మూడు పద్దులు. మూడవదానిలో చెడు జరిగినచో ఏమి చేయవలయునో: పాస్‌పోర్టు పోయినచో, రైలు తప్పినచో, జ్వరము వచ్చినచో, ఎవరైన వెంటబడినచో.

మూడు వారములకు ఆమె మరల వచ్చెను. పదునొకండు దేశములు నాలుగైనవి. రెండవ కాగితమున మొదటి వరుసలో ఆమె యాత్రవ్యయమును వ్రాయలేదు. జూనులో కట్టవలసిన తమ్ముని కళాశాల రుసుమును వ్రాసెను. దానివలన ఏప్రిలునకు అనుకొనిన ప్రయాణము సెప్టెంబరునకు జరిగెను. ఇట్లు చేయుమని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. మూడవ కాగితమున ఆ నాలుగు రాజధానులలోని భారత రాయబార కార్యాలయముల చిరునామాలున్నవి. ఐరోపా సమాఖ్య యంతట అత్యవసరమునకు పిలువవలసిన 112 సంఖ్య యున్నది. ప్రతి క్రొత్త ఊరికి పగటివేళనే చేరునట్లు రైళ్లు ఎన్నుకొనబడినవి. బసలలో స్త్రీలకు ప్రత్యేకమైన గదులే పేర్కొనబడినవి. దినమునకొకమాఱు ఇంటికి మాటలాడు వేళ, అచ్చటి గడియారము మనకంటె వేసవిలో మూడున్నర గంటలు వెనుకనుండుట లెక్కించి, వ్రాయబడినది. తండ్రి ఆ మూడవ కాగితమును రెండు మార్లు చదివిరి.

ధనమును గూర్చిన ఆక్షేపణ తీఱినది. మిగిలినది భయము. తండ్రి భయమును నేను తేలికగా ఎంచను. స్త్రీకి మార్గమున పురుషునికంటె అధికమైన అపాయములున్నవనుట నిజము. లేవని చెప్పుట మోసము. కాని ఆ అపాయములకు మందు ముందుచూపే గాని తలుపునకు గొళ్లెము కాదు. తెల్లవాఱుజామున కంపెనీ బండికై ఒంటరిగా రోడ్డుమీద నిలుచు బాలికను మనము నెలజీతమునకై పంపుచున్నాము. అచ్చట అపాయము లేదా? సంపాదించి తెచ్చునప్పుడు ధైర్యవంతురాలగు కూతురు, తన సొమ్ముతో లోకము చూచి వత్తుననునప్పుడు మాత్రము పసిపిల్ల యగుట న్యాయము కాదు. ఇంకొక మాట. కుమారుడైనచో కాగితములు అడుగకయే పంపెదమనుట కుమారునికే కీడు. పాస్‌పోర్టు పోగొట్టుకొనుటకు ఆడ మగ భేదము లేదు. మూడు కాగితములను కొడుకునొద్దను అడుగుడు, కూతునొద్దను అడుగుడు. వ్రాయగలిగినవారిని పంపుడు, వ్రాయలేనివారిని, వారెవరైనను, నిలుపుడు.

ఆ తండ్రి నేటివఱకును నోటితో సరే యనలేదు. కాని పాస్‌పోర్టు విషయమై పోలీసువారు ఇంటికి విచారణకు వచ్చినప్పుడు ఆయనయే గుమ్మమున నిలిచి వారికి సమాధానములు చెప్పెనని వింటిని.

ఇట్టి యాత్ర కొందఱకు ఇరువదియైదవ యేట కలుగును. కాని దాని అభ్యాసము పాఠశాలలో నున్నప్పుడే ప్రారంభింపవచ్చును. మన యింటిముంగిటనే అభ్యాసశాల యున్నది. 2017 నవంబరులో నాగోలునుండి మియాపురమువఱకు మెట్రోరైలు ప్రారంభమయ్యెను. ఉప్పల్ స్టేషను ఆ దారిలోనిదే. అమీరుపేటలో దిగి, ఎవరిని అడుగక, గోడమీది గుర్తులను మాత్రమే చదివి మఱియొక దారి బండి నెక్కి, అనుకొనిన వేళకు చేరగల బాలునికి వియన్నా స్టేషను భయము పుట్టింపదు. 2025 జనవరి 6న మన దాపుననే చర్లపల్లిలో క్రొత్త రైలు టెర్మినలు ప్రారంభింపబడెను. పదవ తరగతి ముగించినవారు ఇద్దఱు ముగ్గురు కలిసి వరంగల్లునకు ఒకనాటి ప్రయాణమును తామే కట్టి చూడుడు. బండి వేళ, టిక్కెట్టు వెల, భోజనము, కోటలో గడుపు కాలము, తిరుగు బండి, అది తప్పినచో ఏ బస్సు, అన్నియు ఒక కాగితముపై వ్రాసి పెద్దలకు చూపుడు. తిరిగివచ్చిన తరువాత వ్రాసినదానికిని జరిగినదానికిని గల భేదమును ప్రక్కనే వ్రాయుడు. ఆ భేదమే మీ గురువు.

"ఇంటివద్ద రామప్ప గుడిని చూడనివానికి ఐరోపా యేల?" అని అడుగు పెద్దలు కలరు. 1213వ సంవత్సరమున కట్టబడి, 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన ఆ గుడిని చూడకుండుట లోపమే. కాని రెండు చూపులును ఒండొంటికి శత్రువులు కావు. ఇతర దేశముల కట్టడములను నిలిచి చూడ నేర్చినవాడు తన యూరి రాతిని క్రొత్తగా చూచును. తొందరపడి పదునొకండు దేశములు తిరిగినవాడు మాత్రము రామప్పను కూడ అరగంటలో ముగించును. దోషము దూరములో లేదు, తొందరలో నున్నది.

ఒంటరి యాత్రికునికి తక్కువ వెలకు దొరకు బసలను గూర్చి ఒక చిన్న చరిత్ర చెప్పవలయును. అది మన వృత్తివారి చరిత్ర. రిచర్డ్ షిర్మన్ అను జర్మను బడిపంతులు 1909లో విద్యార్థులను వెంటబెట్టుకొని కాలినడకను పోవుచుండగా గాలివానలో చిక్కుకొనెను. ఆ రాత్రి వారికి ఒక గ్రామపు పాఠశాల భవనములో తల దాచుకొన చోటు దొరకెను. సెలవులలో పాఠశాలలు ఊరక మూతబడియుండగా, నడచివచ్చు పిల్లలకు వాటిని బసలుగా ఏల ఈయరాదని ఆ రాత్రియే అతనికి తోచెనట. తరువాత ఆల్టెనా అను ఊరి కోటలో యువజన వసతిగృహము వెలసెను. నేడు లోకమంతట వేలకొలది యువజనులు అట్టి గృహములలో నిద్రించుచున్నారు. ఒక గదిలో ఆరుగురో ఎనమండుగురో అపరిచితులుందురు. వంటయింట ఎవరి గిన్నె వారు కడుగుకొనవలయును. మన వసతిగృహములో పెరిగిన పిల్లలకు ఈ నియమము క్రొత్త కాదు. ఒంటరిగా వెళ్లినవాడు నిజముగా ఒంటరి కాడని వానికి తెలియునది కూడ ఆ వంటయింటనే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఐరోపా యనినప్పుడు మొదటి మాటగా వద్దనకుడు, సరే యనియు ననకుడు. కాగితము అడుగుడు. పటమును నేలపై పఱచి బిడ్డతోకూడ కూర్చుండుడు. వ్రాసినదానిలో ఏది కొట్టివేసితివని ప్రశ్నింపుడు. ఏమియు కొట్టివేయనివారు ఇంకను కలలోనే యున్నారు; వారిని నవ్వక, మఱియొక యేడు ఆగుమనుడు. కొట్టివేసి, కారణము చెప్పగలిగినవారు అప్పుడే సగము ప్రయాణము చేసినవారు.

ప్రియ విద్యార్థులారా, దేశములసంఖ్య బహుమతి పతకము కాదు. మీరు తిరిగివచ్చిన తరువాత ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలెనని నా కోరిక. అందులో మీరెన్ని దేశములు చూచితిరో నేను లెక్కింపను. ఒక ఊరిలో ఒక ముసలమ్మ మీకు దారి చూపిన విధమును, వాన కురిసిన సాయంకాలమున మీరు ఒంటరిగా కూర్చుండి తలచుకొనినదానిని, ముందుగా వ్రాసికొనిన లెక్క ఎక్కడ తప్పెనో, ఎక్కడ నిలిచెనో చదువ నపేక్షించెదను. అట్టి వ్యాసమును వ్రాయగలుగుటకు కావలసిన సన్నాహమును నేడే, ఈ పాఠశాల బల్లలమీదనే, ఒక పటముతోను ఒక పెన్సిలుతోను ప్రారంభింపుడు.